చెల్లి మోచేతి మడత

పోయిన వారం మీరు నన్ను వదిలేసి వెళ్ళేసరికి నేను మా క్రీము గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాను. ఒళ్ళో పదకొండేళ్ళ పరీక్షల పుస్తకం. చర్మం డాక్టరమ్మ అప్పుడే ఫోన్ పెట్టేసింది. మా క్రీము రాసుకునేవాళ్ళలో ముగ్గురు తన దగ్గరికి వచ్చారని, ముగ్గురికీ కనురెప్పలు వాచి బుగ్గలు ఎర్రబడ్డాయని, సాయంత్రం నాలుగింటికి తానే మా దగ్గరికి వస్తానని, ఆ పుస్తకం ఒకసారి చూడాలని చెప్పింది. నేను ఊరుకున్నానా? "రండి రండి, మా దగ్గర దాచుకునేదేముంది, ప్రతి పేజీ చూసుకోండి" అని ఛాతీ విరుచుకున్నాను. తీరా పుస్తకం తెరిస్తే, అట్టకీ మొదటి పేజీకీ మధ్య సన్నగా చిరిగిన అంచు ఒకటి కనిపించింది. అక్కడ ఒక పేజీ ఉండేది. ఎవరో చింపేశారు.

ఆ అంచు గురించి మీరేమనుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం వెంటనే చెల్లినే అనుమానించాను. నా బుద్ధి అంతే. ఏది పోయినా ముందు ఎదుటివాళ్ళ చేతుల వైపు చూస్తాను.

ఈ వారమే మా మెట్లు ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. దర్జీ కొట్టు పైన మాకు రెండు గదులున్నాయి. ఒక గదిలో నేను నీళ్ళూ, నూనే, మైనమూ వేడిచేసి క్రీము కలుపుతాను. రెండో గదిలో నా చెల్లి దాన్ని ట్యూబుల్లో నింపి అంచులు అతికిస్తుంది. పనివాళ్ళం, యజమానులం, తుడిచేవాళ్ళం, అన్నీ మేమిద్దరమే. ట్యూబు మీద పెద్దక్షరాలతో 'సున్నితమైన చర్మానికి' అని ఉంటుంది. ఆ ఒక్క మాట చూసే జనం కొంటారు.

ఆ మాట రాసుకునే ధైర్యం నాకు చెల్లి ఇచ్చింది. చిన్నప్పటి నుంచీ దాని చర్మం అదో రకం. కొత్త సబ్బు పడదు, గరుకు తువాలు పడదు, ఉన్ని స్వెటర్ వేస్తే మెడంతా దద్దుర్లు. అమ్మ దానికి టమాటా అని పేరు పెట్టింది. ముట్టుకుంటే చాలు ఎర్రబడేది. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఏ వాయి క్రీము చేసినా బఠాణీ గింజంత చెల్లి ఎడమ మోచేతి మడతలో రాయాలి. పొద్దునా సాయంత్రం, వారం రోజులు. ఏడో రోజు అది చూసుకుని పుస్తకంలో తన చేత్తో రాయాలి. టమాటాకి పడిందంటే ఇంకెవరికైనా పడుతుంది, ఇదీ నా లెక్క. పదకొండేళ్ళుగా ప్రతి పేజీలోనూ, గుండ్రటి అక్షరాలతో, అది రాసింది ఒకటే మాట. 'ఏమీ లేదు.'

డాక్టరమ్మతో ఫోన్‌లో జరిగిన వాదన మీకు సగమే చెప్పాను. సిగ్గుపడి మిగతా సగం మింగేశాను. ఇప్పుడు చెప్తాను.

"మీ క్రీములో పరిమళం ఏమైనా వేస్తారా?" అని అడిగింది ఆవిడ.

"అబ్బే, సెంటు చుక్క కూడా వెయ్యమండీ. ఒక్క లావెండర్ నూనె, అంతే."

"లావెండర్ నూనె పరిమళం కాదా అమ్మా?"

"అది మొక్కలోంచి వచ్చేది కదండీ. చల్లబరుస్తుంది."

"ఎక్కడి నుంచి వచ్చిందో చర్మం అడగదు. అందులో ఏముందో దానికే స్పందిస్తుంది. మామూలు చర్మానికి కొంచెం లావెండర్ ఏమీ చెయ్యకపోవచ్చు. తొందరగా ఎర్రబడే చర్మానికి, రోజూ ముఖాన రాసి వదిలేసే క్రీములో అది అనవసరం. ఇంకోటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ నూనె సీసా తెరిచి ఎన్నాళ్ళయింది?"

నేను తలెత్తి అలమరా వైపు చూశాను. నాకు పెద్ద సీసా కొనే అలవాటు. అడుగు చుక్క దాకా వాడే అలవాటు అంతకన్నా పెద్దది. ఆ గోధుమరంగు సీసా మా అలమరాలో పై అరలో ఉంది. మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ రెండేళ్ళు దాటింది. సగం పైన గాలే.

"గాలి తగిలేకొద్దీ ఆ నూనెలో కొన్ని పదార్థాలు మారిపోతాయమ్మా. తాజాగా ఉన్నప్పటికన్నా అలా మారినవే ఎక్కువమందికి పడవు" అంది ఆవిడ, బడిపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా. "అదే కారణమని నేను ఇప్పుడే అనను. వాళ్ళ వీపుల మీద పట్టీలు వేసి పరీక్ష చెయ్యాలి. కానీ మీరు దేని మీద, ఎవరి మీద పరీక్షించి సున్నితమైన చర్మానికి అని రాశారో నాకు తెలియాలి."

"ఎనిమిదేళ్ళ నుంచి వాడేవాళ్ళున్నారు మా దగ్గర. వాళ్ళకి ఇన్నాళ్ళూ పడింది కదా!"

"పడుతూ పడుతూ ఒక రోజు పడకుండా పోతుంది. ఒంటికి ఒకసారి అది శత్రువని తెలిసిపోయాక మళ్ళీ మర్చిపోదు. అలాంటివాళ్ళు ఇంకా రాస్తూనే ఉంటే ఇంకా పెరుగుతుంది. అందుకే ఇవాళే వస్తానంటున్నాను."

ఇంకా రాస్తూనే ఉంటే. ఆ ముగ్గురిలో ఒకావిడ సంగీతం టీచరు. ఎనిమిదేళ్ళ నుంచి మా క్రీము తప్ప ఇంకోటి ముట్టదు. ఆవిడ పోయిన సోమవారం నాకు ఫోన్ చేసి, కళ్ళ చుట్టూ మంటగా ఉందండీ, ఎండ వల్లనేమో, ఏం చెయ్యమంటారు అని అడిగింది. నేనేం చెప్పానో తెలుసా? "ఇంకొంచెం మందంగా రాయండి, సర్దుకుంటుంది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

గడియారం రెండున్నర చూపిస్తోంది. పుస్తకం చంకలో పెట్టుకుని రెండో గదిలోకి నడిచాను.

చెల్లి కిటికీ పక్కన ఎత్తు పీట మీద కూర్చుని ట్యూబులు నింపుతోంది. తలకి టోపీ, ముక్కుకి గుడ్డ, మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కా. కింద దర్జీ మిషను చప్పుడు నేల్లోంచి వస్తోంది. నన్ను చూసి కూడా అది చెయ్యి ఆపలేదు.

"ఏమే టమాటా, ఈ పేజీ ఏదీ?"

"ఏ పేజీ?"

"అదిగో మళ్ళీ. ఏ పేజీ అట! మొదటి పేజీ. చిరిగింది చూడు. ఇంకో గంటన్నరలో ఆవిడ వచ్చి కూర్చుంటుంది. చిరిగిన పుస్తకం చేతిలో పెడితే ఏమనుకుంటుంది? ఏదో దాచామనుకోదూ?"

"అనుకోనీ" అంది.

నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళలో అది నా మాటకి ఎదురు చెప్పడం నాకు గుర్తు లేదు. కసిరితే తల వంచుకునేది, లేకపోతే నవ్వేసేది. ఇవాళ రెండూ లేవు.

"అనుకోనీ ఏంటే? ఆవిడ కాదంటే రేపటి నుంచి మనం ట్యూబు మీద ఆ మాట రాసుకోవడానికి లేదు. రెండు గదులకీ తాళం పెట్టుకుని ఇంట్లో కూర్చోవాలి. ఆవిడకి నేను ఒకటే చెప్తాను. నా చెల్లి చర్మం కన్నా సున్నితమైంది ఇంకోటి తెచ్చి చూపించమని. ఏదీ, చెయ్యి చూపించు. ఆవిడ వస్తే నువ్వే చొక్కా పైకి లాగి చూపించాలి."

దాని చేతిలో ట్యూబు ఆగింది. క్రీము బల్ల మీద పడింది. అది తుడవలేదు.

"వద్దక్కా" అంది మెల్లగా.

"ఏం వద్దు? నా చెల్లి చెయ్యి నేను చూడకూడదా?"

"ఇన్నాళ్ళూ చూశావా?"

నేను నవ్వేశాను. ఏడవాల్సిన చోట నవ్వడం నాకు అలవాటే. "చూడ్డానికి నువ్వు చూపిస్తేగా! ఉడికిపోయే ఎండల్లో కూడా ఈ పొడుగు చేతుల చొక్కాలే. దొరసానిలాగా" అన్నాను. ఆ మాట దానితో వందసార్లు అనుంటాను. అన్నప్పుడల్లా అది నాతోపాటు నవ్వేది. ఇవాళ నేనొక్కదాన్నే నవ్వాను, అందుకే నాకే వినబడింది ఎంత చెడ్డగా ఉందో.

చెల్లి ముక్కుకున్న గుడ్డ కిందికి లాగింది. చేతికున్న గ్లవ్స్ తీసి పక్కన పెట్టింది. ఎడమచేతి గుండీ విప్పి, చొక్కా చెయ్యి మడతలు మడతలుగా పైకి తోసుకుంటూ వెళ్ళింది. మోచెయ్యి దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఒక్కసారిగా లాగేసింది.

ఏం చెప్పను. ఆ మడతలో చర్మం ఉల్లిపొర లాగా ఉంది. మెరుస్తోంది. కింద నరాలు నీలంగా, వేలు పెట్టి లెక్కపెట్టగలిగేటట్టు కనబడుతున్నాయి. అక్కడక్కడా గోరు తగిలినంతకే కమిలిపోయిన మచ్చలు. మధ్యలో అరచేతి వెడల్పున ఎర్రగా, పచ్చిగా, చెమ్మ ఊరుతూ ఒక దద్దు. అది ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదని నాకు అర్థమైంది. ఆ పల్చబడ్డ చర్మం అయితే ఏళ్ళ నాటిది.

"ఇదేంటే..." అన్నాను.

"నీ క్రీము పడలేదక్కా. మొదటి రోజు నుంచీ పడలేదు."

"మరి ఆ పేజీలన్నీ? ఏమీ లేదు, ఏమీ లేదు అని రాశావుగా?"

చెల్లి టేబులు సొరుగు లాగి, రబ్బరు బ్యాండ్ల కింద నుంచి చిన్న ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి నా ముందు పెట్టింది. సగం వరకూ చుట్టేసి ఉంది. మందుల షాపులో దొరికేదే, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. మా పనిలో ఉన్నవాళ్ళకి దాని సంగతి తెలియకపోవడం ఉండదు. దద్దు, దురద, మంట, ఏమున్నా రెండ్రోజుల్లో నోరు మూయిస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే రాసి ఆపెయ్యాలి. ఏళ్ళ తరబడి ఒకేచోట రాస్తే చర్మం పల్చబడిపోతుంది. ఆ మందు రాసిన చోట మన క్రీము రాసి పరీక్ష అంటే, అది పరీక్షే కాదు.

"పొద్దున నీ క్రీము. గంట ఆగి ఇది" అంది చెల్లి. "ఏడో రోజుకి నిజంగానే ఏమీ ఉండేది కాదక్కా. నేను చూసిందే రాశాను."

ఎంత మామూలుగా చెప్పిందో! పీట పక్కనే నేల మీద కూలబడ్డాను. బట్టలకి క్రీము అంటుకుందని కూడా తర్వాతే తెలిసింది.

అప్పుడు నేను అడగాల్సింది ఒకటే, నొప్పిగా ఉందా అని. నేనడిగింది వేరే. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. అందులోనూ తప్పు దానిదే అన్నట్టు.

"చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు? నాతో అబద్ధాలాడకు!"

"మొదటి వాయికే చెప్పాను. రాసి మరీ ఇచ్చాను. నీకు గుర్తు లేదు."

చెల్లి లేచి, మేకుకి తగిలించిన తన సంచి తెచ్చుకుంది. అడుగున అద్దం, దువ్వెన, పాత కరెంటు బిల్లులు. వాటి కింద ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. నలిపి పారేసినదాన్ని మళ్ళీ సాఫు చేసి మడిచినట్టు గీతలు గీతలుగా ఉంది. అంచు చూడగానే నాకు తెలిసిపోయింది. పుస్తకంలో చిరిగిన అంచుకి సరిగ్గా సరిపోయే అంచు.

"నువ్వా చింపింది?" అని అడిగాను, ఇంకా ఆశతో.

"నువ్వు" అంది చెల్లి.

నేను నమ్మలేదు. కాగితం చేతిలోకి తీసుకున్నాక కూడా నమ్మలేదు. గుండ్రటి అక్షరాలు. అప్పటికి దాని రాత ఇంకా వణుకుతూ ఉండేది. 'రెండో రోజు ఎర్రబడింది. మూడో రోజు దురద, చిన్న పొక్కులు. అయిదో రోజు ఆపేశాను. పడలేదు.'

"ఆ రోజు నువ్వేమన్నావో చెప్పనా?" అంది.

"వద్దు."

"చెప్తాను. విను. 'నీ ఒంటికి గాలి కూడా పడదు! నీకోసం లోకమంతా ఆగిపోవాలా? వెళ్ళి మళ్ళీ రాసుకో, మళ్ళీ చూసుకో, సరిగ్గా చూసుకో' అన్నావు. కాగితం చింపి ఉండచుట్టి బుట్టలోకి విసిరావు. నేను వెళ్ళి ఈ ఆయింట్‌మెంట్ కొనుక్కున్నాను. వారం తర్వాత ఏమీ లేదు అని రాసి చూపించాను. నన్ను కావలించుకున్నావక్కా. గుర్తుందా? చిన్నప్పటి నుంచీ నువ్వు నన్ను కావలించుకుంది లేదు. ఆ రోజే."

కావలించుకోవడం గుర్తుంది. అదే వింత. దాని జుట్టుకి మా క్రీము వాసన పట్టడం కూడా గుర్తుంది. చింపడం మాత్రం నా తలలో ఎక్కడా లేదు. పదకొండేళ్ళు కష్టపడి దాన్ని మర్చిపోయాను.

"ఎందుకే ఇదంతా? ఒక్కసారి నా ముఖాన విసిరికొట్టలేకపోయావా?"

చెల్లి బల్ల మీద పడ్డ క్రీముని ఇప్పుడు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది. "నేను ఏ పనిలోనూ నిలబడలేదక్కా. ఆఫీసులో పంపించేశారు, కొట్లో పంపించేశారు. ఇంట్లో అందరూ పాపం టమాటా అనేవాళ్ళు. నువ్వొక్కదానివే నాతో పనుందన్నావు. అది కూడా నా చేతకానితనంతోనే పనుందన్నావు. లోకంలో దేనికీ పనికిరాని ఈ చర్మం నీకు పనికొచ్చింది. అది కూడా ఒప్పుకోకపోతే నేను నీ దగ్గర ఎందుకుంటాను?"

అప్పుడు ఏడ్చాను. పెద్దగా, ముక్కు చీదుతూ, అందంగా ఏమీ ఏడవలేదు. నేను దాని నోరు మూయించాను, దాని చర్మం నోరు మూయించాను. ఆ మూసిన నోటిని చూపించి, చూశారా ఏమీ అనలేదు అని ఊళ్ళో అందరికీ అమ్ముకున్నాను. ఇంతకన్నా తేలికగా చెప్పడం నాకు రాదు.

"కాగితం పూర్తిగా చూడలేదు నువ్వు" అంది చెల్లి.

"చూశానే."

"కింది మడత."

కింది మడత విప్పాను. అక్కడ పెన్సిలుతో రాసిన ఒక వరస ఉంది. అరిగిపోయింది, కానీ చదవగలిగేటట్టే ఉంది. పొడుగ్గా, ముందుకి పడిపోతున్నట్టుండే అక్షరాలు. దుకాణం చీటీల మీద, సీసాల మీద, గోడ మీద పదకొండేళ్ళుగా రోజూ చూసే అక్షరాలు. నావి.

'లావెండర్ తీసేసి ఒక వాయి చేసి చూడాలి.'

ఇంతసేపూ నాకు నేను చెప్పుకుంటున్నది ఏంటంటే, నాకు తెలియదు. తెలిస్తే చేసేదాన్నా? చెల్లి దాచింది, సీసా పాతబడింది, నేనేం చేస్తాను? ఆ ఒక్క వరసతో అన్నీ పోయాయి. నాకు తెలుసు. మొదటి వారమే తెలుసు. చెల్లి ఆ పేజీ రాసిన సాయంత్రం దాని చెయ్యి చూసి, ఆలోచించి, పెన్సిలు తీసుకుని, సరైన మాటే రాసుకున్నాను. మర్నాడు పొద్దున్నే, మేము నమూనా పంపిన పెద్దకొట్టువాళ్ళు ఫోన్ చేసి, మీ క్రీము వాసన అద్భుతంగా ఉంది, అదే వాసనతో ఇంకా పంపండి అన్నారు. ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ ఫోను పెట్టేసి, పుస్తకం తెరిచి, చింపాను. చెల్లి రాసినందుకు చింపలేదు. నేను రాసినందుకు చింపాను.

"అప్పుడే ఎందుకు చూపించలేదే ఇది?"

"చూపిస్తే నువ్వు ఏమైపోతావోనని" అంది. ఆయింట్‌మెంట్ రాసుకుని నన్ను కాపాడిందట అది. నన్ను!

"మరి ఇవాళెందుకు చూపించావు?"

"సోమవారం నువ్వు సంగీతం టీచరుతో మాట్లాడుతుంటే విన్నాను. మందంగా రాయమన్నావు. ఆవిడ నీ మాట నమ్మి రాస్తుంది. నా మాట నమ్మి నువ్వు చెప్పావు." చెల్లి తన చేతి వైపు చూసుకుంది. "ఆ రోజు నుంచి ఆయింట్‌మెంట్ మానేశాను. క్రీము ఒక్కటే రాశాను. ఇవాళ ఏడో రోజు."

లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళాను. చేతులకి క్రీము, నంబరు నొక్కితే వేళ్ళు జారిపోతున్నాయి. రెండోసారికి కలిసింది. వెనకాల ఎవరో పిల్ల స్వరాలు తప్పుగా పాడుతోంది.

"అయ్యో మీరేనా! నేనే చేద్దామనుకుంటున్నాను" అంది టీచరమ్మ. గొంతు ఎప్పట్లాగే తియ్యగా ఉంది. "మీరు చెప్పినట్టే మందంగా రాస్తున్నానండీ. ఇవాళ రెండుసార్లు రాశాను. ఇంకా కళ్ళు సరిగ్గా తెరుచుకోవడం లేదు, పిల్లలకి వెనక్కి తిరిగి కూర్చుని చెప్తున్నాను. నా ఒళ్ళే మంచిది కాదేమోనండీ. మూడోసారి రాయమంటారా?"

"వద్దండీ. ఆపెయ్యండి. ఇప్పుడే ఉత్త నీళ్ళతో కడిగెయ్యండి. ఇంకేమీ రాయకండి. డాక్టరమ్మ చెప్పిందే చెయ్యండి. మీ ఒంట్లో ఏ తప్పూ లేదు."

"ఆపెయ్యాలా?" ఆవిడకి అర్థం కాలేదు. పిల్ల పాట కూడా ఆగిపోయింది. "అదేంటండీ, మీ క్రీము నాకు పడకపోవడమేంటి? మీ చెల్లెలికి పడింది కదా?"

ఎనిమిదేళ్ళ క్రితం ఆవిడకి మొదటి ట్యూబు అమ్మినప్పుడు నేను చెప్పిన మాట అది. ఆవిడ ఇంకా దాచుకుంది. నేను ఫోను చెవి దగ్గర పట్టుకుని నిలబడ్డాను. చెల్లి నన్నే చూస్తోంది. లేదండీ, పడలేదు అనడానికి రెండు మాటలు చాలు. అవి నోట్లోకి వచ్చాయి, పళ్ళ దగ్గర ఆగిపోయాయి. "సాయంత్రం మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేశాను.

సిగ్గు అనిపించింది. అంతా విన్నాక, అంత ఏడ్చాక కూడా నేను ఇంకా నేనే.

కింద దర్జీ మిషను చప్పుడు ఆగింది. దర్జీ ఎవరికో దారి చెప్తున్నాడు. "పైకేనండీ, కుడివైపు తలుపు. మెట్లు చూసుకోండి, మూడోది ఊగుతుంది." నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. డాక్టరమ్మ ముందే వచ్చేసింది.

నా ఒక చేతిలో చిరిగిన కాగితం ఉంది. పక్క గదిలో, తలుపు తెరిచే ఉంది, మైనం కరిగే గిన్నె కింద మంట వెలుగుతూనే ఉంది. ఆ మంట వైపు నేను చూడలేదని మీకు చెప్పాలని ఉంది. చూశాను. ఒక్క క్షణమే, కానీ చూశాను. నేను చూడడం చెల్లి చూసింది.

అది పరీక్షల పుస్తకం నా చంకలోంచి మెల్లగా లాక్కుంది. బల్ల మీద పెట్టి, చివర రాసిన పేజీ తీసింది. తారీఖు, వాయి నంబరు, అన్నీ పొద్దున్నే రాసి ఉంచింది. ఏడో రోజు గడి మాత్రం ఖాళీగా ఉంది.

మూడో మెట్టు ఊగిన చప్పుడు వినబడింది. తర్వాత తలుపు మీద రెండుసార్లు కొట్టారు.

చెల్లి చొక్కా చెయ్యి కిందికి దించలేదు. ఆ ఎర్రటి మడతని బల్ల మీద, వెలుతురులో పెట్టి, కుడిచేత్తో పెన్ను మూత తీసింది. తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. కోపం లేదు. చిన్నప్పుడు డిక్టేషన్ చెప్తే ఎలా చూసేదో అలాగే చూసింది.

"చెప్పక్కా" అంది. "ఈసారి ఏం రాయమంటావు?"